క్యూ, జెడ్ అక్షరాల మాటలూ, మన మతిమరపు భయమూ

నేను వృత్తి విరమించడానికి ఏడాది ముందు ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చారు. వయస్సు డెబ్బై ఒకటి. స్వస్థలం జనగామ జిల్లా తరిగొప్పుల. తెలుగు పండితులుగా ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. చేతిలో నోటుపుస్తకం ఉంది. అందులో క్యూ, జె, ఎక్స్, జెడ్ అక్షరాలు వచ్చే ఇంగ్లీషు మాటలు పేజీల కొద్దీ వ్రాసుకున్నారు. ఒక్కొక్క మాట పక్కన చిన్న టిక్కులు, కొన్నింటి కింద ఎర్ర గీతలు. పరీక్షకు చదివే పిల్లవాడి పుస్తకంలా ఉంది.

విషయం ఏమిటంటే, అమెరికాలో ఉన్న కుమారుడు ఫోనులో ఒక మాటల ఆట పెట్టి ఇచ్చాడు. ఐదు అక్షరాల ఇంగ్లీషు మాటను ఆరు ప్రయత్నాలలో కనిపెట్టాలి. రోజూ ఆడితే మతిమరపు జబ్బు రాదని ఎవరో చెప్పారట. ఈయన ఆటలో వరుసగా ఓడిపోతున్నారు. గెలవడానికి అరుదైన అక్షరాల మాటల జాబితాలు సంపాదించి కంఠస్థం చేయసాగారు. రాత్రి చదివినవి తెల్లవారేసరికి గుర్తుండడం లేదు. “నాకు జబ్బు మొదలైంది డాక్టరు గారూ” అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన చేతులు వణకడం చూశాను.

అప్పుడు నేను చేసిన పొరపాటు ఇక్కడ దాచకుండా వ్రాస్తున్నాను. మతిమరపును తొలిదశలో పట్టుకోవడానికి వాడే పరీక్షలలో మాంట్రియల్ పరీక్ష ఒకటి. 2005లో ప్రచురితమైంది. మొత్తం ముప్ఫై మార్కులు. అందులో ఒక మార్కుకు ఒక ప్రశ్న: ఇంగ్లీషు ‘ఎఫ్’ అక్షరంతో మొదలయ్యే మాటలు ఒక్క నిమిషంలో ఎన్ని చెప్పగలరు? పదకొండు చెబితే మార్కు వస్తుంది. మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు చెల్లవు. నేను గడియారం చూస్తూ అడిగాను. ఆయన ఫ్యాను, ఫోను, ఫీజు, ఫారం అన్నారు. ఆగిపోయారు. పైకప్పు వంక చూశారు. నిమిషం పూర్తయింది. నేను చీటీ మీద ‘తగ్గుదల ఉంది’ అని వ్రాసి, మెదడు స్కానింగుకు పంపబోయాను.

పక్కనే కూర్చున్న ఆయన భార్య అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. “మా సారును తెలుగుల అడుగుండ్రి డాక్టరు సారూ. పొద్దంత పద్యాలే సదువుకుంట ఉంటడు” అన్నది.

‘ప’ అక్షరంతో చెప్పమన్నాను. పలక, పడవ, పందిరి, పరక, పసుపు, పగ్గం, పడమర, పల్లకి, పనస, పత్తి... నేను వేళ్ళు మడుస్తూ లెక్క తప్పాను. నిమిషం అయిపోయిందని చెప్పినా ఆయన ఆపలేదు. “గుణింతాలు కూడా లెక్కకు వస్తాయా, తలకట్టు ఒక్కటేనా?” అని నన్నే ఎదురు ప్రశ్న వేశారు. మతిమరపు జబ్బు ముదురుతున్నవాడు ఆ ప్రశ్న వేయడు.

స్కానింగు చీటీ చింపివేశాను. సావకాశంగా అడిగితే అసలు సంగతి బయటపడింది. ఏడాదిగా నిద్రమాత్రలు వేసుకుంటున్నారు. ఎప్పుడో ఎవరో వ్రాసిచ్చిన చీటీ చూపించి మందుల దుకాణంలో తెచ్చుకుంటున్నారు. కొన్ని రకాల నిద్రమాత్రలు వృద్ధులలో జ్ఞాపకశక్తిని మందగింపజేస్తాయి, నడకలో తూలు తెస్తాయి. వాటిని ఉన్నపళంగా ఆపకూడదు. అందువలన మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చాము. మూడు నెలలకు మనిషి తేటపడ్డారు. నోటుపుస్తకం గురించి మాత్రం ఆయనతో చాలాసేపు వాదించవలసి వచ్చింది. ఆ వాదనే ఈ వ్యాసం.

ముందుగా ఆట సంగతి. ఇంగ్లీషు మాటల ఆటలలో పేరుపొందిన స్క్రాబుల్‌ను రూపొందించినవాడు ఆల్ఫ్రెడ్ బట్స్ అనే అమెరికా వాస్తుశిల్పి. 1930ల ఆర్థిక మాంద్యంలో పని లేక కూర్చున్నప్పుడు ఈ ఆట ఆలోచించాడు. వార్తాపత్రికలు ముందు వేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కించాడు. ఎక్కువగా వచ్చే ‘ఇ’ అక్షరానికి ఒక్క మార్కు, అలాంటి బిళ్ళలు పన్నెండు. అరుదైన క్యూ, జెడ్ అక్షరాలకు పదేసి మార్కులు, బిళ్ళలు ఒక్కొక్కటే. అందుకే ఆటగాళ్ళకు ఆ అక్షరాల మీద అంత మోజు. క్యూ తరువాత సాధారణంగా ‘యు’ రావాలి. ఆ ‘యు’ చేతిలో లేనప్పుడు ఏ మాట వేయాలన్నదే పెద్ద సమస్య. పండితుల వారి నోటుపుస్తకంలో ఎర్ర గీతలన్నీ అక్కడే ఉన్నాయి.

ఆ పేజీలు తిరగేస్తూ నేను ఆయనకు ఒక సంగతి చూపించాను. ‘యు’ లేకుండా క్యూ వచ్చే మాటలలో చాలా భాగం ఇంగ్లీషువి కావు. అరబ్బీ నుండి వచ్చినవి. గొంతు లోతు నుండి పలికే అరబ్బీ ‘క’ను ఇంగ్లీషువారు క్యూతో వ్రాశారు. ఫకీరు, ఖాజీ, తలాఖ్, నిఖాబు, ఖవ్వాలీ. వీటిలో తెలంగాణ పల్లెలో పుట్టి పెరిగినవాడికి తెలియని మాట ఏది? నిజాం ఏలుబడిలో దస్తావేజులు ఉర్దూలో చదివిన తరం వారి పిల్లలం మనం. ఫకీరు మాటకు ఆ ఆటలో పదిహేడు మార్కులు. ఆయన పది రోజులు కష్టపడి బట్టీ పట్టినా నిలవని మాట చిన్నప్పుడే నోట పలికిన మాటేనని తెలిసి పెద్దగా నవ్వారు. ఆ తరువాత ఆ మాట మరచిపోలేదు.

తెలుగు నుండి వెళ్ళిన మాటలూ అక్కడ ఉన్నాయి. మన పందికొక్కు ఇంగ్లీషులో బాండికూట్ అయింది. మన పిట్ట అదే పేరుతో ఒక పక్షిజాతికి శాస్త్రీయ నామమై, ఐదు అక్షరాల మాటగా నిఘంటువులో కూర్చుంది. పందికొక్కుకు పద్నాలుగు మార్కులు, పిట్టకు ఏడు. ఇక జమీందారుకు ఇరవై, రైతుకు కూడా పిట్టతో సమానంగా ఏడే. కడవెండి ఉన్న జిల్లాలో కూర్చుని ఈ లెక్క చూస్తే నవ్వాలో ఏమనాలో తెలియలేదు.

వైద్యపరంగా ఇందులో గమనించవలసినది ఉన్నది. జాబితాగా చదివిన మాట మెదడులో ఒంటరిగా ఉంటుంది. ఒక మనిషితో, ఒక సంఘటనతో, ఒక రుచితో ముడిపడిన మాటకు పట్టుకోవడానికి నాలుగైదు కొక్కేలు ఉంటాయి. వయస్సు మీరిన కొద్దీ మొదటి రకం మాటలు జారిపోవడం సహజం, అది జబ్బు కాదు. డెబ్బై ఏళ్ళ మనిషి అర్థం తెలియని ఇరవై మాటలను రాత్రికి రాత్రి బట్టీ పట్టి పొద్దున అప్పజెప్పలేకపోతే, ముప్ఫై ఏళ్ళ వాణ్ణి కూడా అదే పరీక్షకు కూర్చోబెట్టి చూడమంటాను.

అర్థం తెలియకుండా మాటలు బట్టీ పట్టి ఆట గెలవడం అసాధ్యమేమీ కాదు. న్యూజిలాండుకు చెందిన నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. ఆయనకు ఫ్రెంచి మాట్లాడడం రాదు. తొమ్మిది వారాల్లో ఫ్రెంచి మాటల పట్టికను తలకెక్కించుకున్నాడు. 2024లో స్పానిషు భాషలోనూ అదే పని చేశాడు. అద్భుతమే. కాని దాని వలన ఆయన ఫ్రెంచివారితో భోజనానికి కూర్చుని కబుర్లు చెప్పలేడు. జాబితా వేరు, భాష వేరు. మన మెదడును కాపాడేది ఏది అన్నదే నా ప్రశ్న.

దీనికి మన హైదరాబాదు నుండే ఒక మంచి సమాధానం వచ్చింది. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిక్షయ రోగుల వివరాలు పరిశీలించి 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో ప్రకటించింది. వారిలో 391 మంది రెండు లేదా అంతకు మించిన భాషలు మాట్లాడేవారు. ఒకే భాష మాట్లాడేవారి కంటే వీరిలో జబ్బు సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలైంది. ఇందులో నాకు మరీ విలువైనదిగా తోచే అంశం మరొకటి ఉంది. చదవడం, వ్రాయడం రానివారిలో కూడా ఈ తేడా కనబడింది. అంటే బడిచదువు వలన వచ్చిన లాభమని తోసిపుచ్చడానికి లేదు. ఇంట్లో తెలుగు, అంగడిలో ఉర్దూ మాట్లాడుతూ బ్రతికిన వ్యక్తి మెదడు రోజంతా ఒక భాషను అణచి మరొక భాషను పైకి తెచ్చే వ్యాయామం చేస్తున్నది. రెండు దాటి మూడో భాష, నాలుగో భాష వస్తే అదనపు లాభం మాత్రం ఆ పరిశీలనలో కనబడలేదు. ఇది ఒక ఆసుపత్రికి వచ్చిన రోగుల మీద జరిగిన పరిశీలన కనుక దీని పరిమితులు దీనికి ఉన్నాయి. అయినా, నోటుపుస్తకంలోని మాటలకూ నోటిలోని భాషకూ ఉన్న తేడాను ఇంత బాగా చూపిన పని మరొకటి నాకు గుర్తు రావడం లేదు.

మాటల ఆటలు పనికిరావని నేను అనడం లేదు. న్యూయార్కులో 75 ఏళ్ళు దాటిన 469 మందిని కొన్నేళ్ళపాటు గమనించి 2003లో ప్రకటించిన పరిశోధనలో చదవడం, బల్లమీద ఆడే ఆటలు, సంగీత వాద్యం వాయించడం, నృత్యం, ఈ నాలుగూ ఉన్నవారిలో మతిక్షయం తక్కువగా కనబడింది. 2022లో వచ్చిన మరొక పరిశోధనలో, స్వల్ప మతిమరపు ఉన్న 107 మందికి సగం మందికి గళ్ళ నుడికట్టు, సగం మందికి కంప్యూటరులో మెదడు ఆటలు ఇచ్చి 78 వారాలు చూశారు. పాతకాలపు గళ్ళ నుడికట్టే మెరుగైన ఫలితమిచ్చింది. అయితే ఏమీ ఆడనివారి జట్టు అందులో లేదు. ఆటలు మానేసినందువలన జబ్బు వచ్చిందా, జబ్బు లోలోపల మొదలైనందువలన ఆటలు మానేశారా అన్న అనుమానం కేవలం గమనించి చేసే పరిశోధనలను వెంటాడుతూ ఉంటుంది. ‘ఇది ఆడండి, జబ్బు రాదు’ అని చెప్పగల స్థితిలో వైద్యశాస్త్రం లేదు. అలా ప్రచారం చేసుకున్నందుకు లూమాసిటీ అనే మెదడు ఆటల సంస్థ 2016లో అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంఘానికి ఇరవై లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. కనుక నెలనెలా డబ్బు కట్టించుకునే ఆటలు కొనేముందు పిల్లలు ఒకసారి ఆలోచించాలి. ఆ డబ్బుతో నాన్నగారి చెవులు పరీక్ష చేయించవచ్చు.

చెవులు అని ఎందుకు అన్నానంటే, మతిక్షయంపై లాన్సెట్ సంఘం 2024లో ఇచ్చిన నివేదిక మనం మార్చుకోగల కారణాలు పద్నాలుగు ఉన్నాయని, వాటిని సరిచేస్తే దాదాపు 45 శాతం కేసులను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని లెక్కగట్టింది. వినికిడి లోపం వాటిలోని పెద్ద కారణాలలో ఒకటి. రక్తపోటు, మధుమేహం, చెడు కొలెస్టరాలు, పొగ, మద్యం, తలకు దెబ్బలు, కంటిచూపు తగ్గడం, దిగులు, ఒంటరితనం, కదలకుండా కూర్చోవడం, చిన్నతనంలో చదువు లేకపోవడం, ఊబకాయం, గాలి కాలుష్యం మిగిలినవి. ఇంగ్లీషులో క్యూ మాటలు రాకపోవడం ఆ జాబితాలో లేదు. కంటి శుక్లానికి శస్త్రచికిత్స చేయించుకోకుండా, బి.పి. మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటూ, ఫోనులో మాటల ఆట ఆడితే ఒరిగేది ఏమీ లేదు.

ఇక పరీక్షల సంగతి. మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి మతిక్షయం ఉన్నదని 2023లో వెలువడిన జాతీయ అంచనా. ఇంతమందిని గుర్తించవలసిన దేశంలో పరాయి అక్షరంతో పరీక్ష పెడితే రెండు విధాల నష్టం. జబ్బు లేనివాణ్ణి రోగిని చేస్తాము. జబ్బు ఉన్నవాడు తక్కువ మార్కులు తెచ్చుకున్నప్పుడు ‘చదువు లేదు కదా’ అని వదిలేస్తాము. రెండవది మరింత ప్రమాదం.

పైగా ‘అక్షరం’ అనే మాటకే రెండు భాషలలో రెండు అర్థాలు. ఇంగ్లీషు పిల్లవాడు మాటను విడివిడి ధ్వనులుగా కోసుకుంటాడు. మన పిల్లవాడు హల్లునూ అచ్చునూ కలిపి ఒక్క ముద్దగా పలుకుతాడు. తరిగొప్పుల అన్న పేరు ఇంగ్లీషులో వ్రాస్తే తక్కువలో తక్కువ పదకొండు అక్షరాలు. తెలుగులో త, రి, గొ, ప్పు, ల, ఐదే. గళ్ళ నుడికట్టులో ‘ప్పు’ ఒక్క గడిలో ఇమిడిపోతుంది. ‘ఎఫ్’కు సరిపోయే ధ్వని అచ్చ తెలుగులో లేనే లేదు. పండితుల వారు చెప్పిన నాలుగు మాటలూ ఎక్కడివో చూడండి. కరెంటు, టెలిఫోను, బడి, కచేరీ వెంట వచ్చినవే. కొలబద్ద తప్పు, మనిషి కాదు.

ఈ సంగతి గుర్తించినవారు లేకపోలేదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతంలో చదువురాని పల్లెవాసుల కోసం 1990లలోనే హిందీలో ఒక పరీక్షను ప్రత్యేకంగా తయారుచేశారు. నిమ్స్ వైద్యులు అడెన్‌బ్రూక్స్ పరీక్షను తెలుగుకు అనువుగా మలచి వాడారు. ఆ పని పెద్దాసుపత్రి గోడలు దాటి మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా రావాలన్నది నా కోరిక. నాకు ఆ తెలుగు రూపం అప్పుడు చేతికి అందుబాటులో లేదని చెప్పి తప్పించుకోను. అడగాలన్న ఆలోచన నాకు రాలేదు, ఒక గృహిణికి వచ్చింది.

నిజానికి ఫలానా అక్షరంతో మాట తెమ్మనడం మనకు కొత్త కాదు. అష్టావధానంలో నిషిద్ధాక్షరి ఉన్నది. అవధాని ఒక్కొక్క అక్షరం చెబుతుంటే, తరువాతి అక్షరంగా ఏది రాకూడదో పృచ్ఛకుడు అడ్డం పడుతుంటాడు. నాలుక మీదకు వచ్చిన మాటను మింగి, అర్థమూ ఛందస్సూ చెడకుండా వేరొక మాట పట్టుకోవాలి. న్యస్తాక్షరిలో ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరమే ఉండాలి. మధ్యలో అప్రస్తుత ప్రసంగి వచ్చి పరిహాసాలాడుతాడు, వెనుక గంట మ్రోగుతుంటే ఎన్ని దెబ్బలో లెక్క ఉంచుకోవాలి. నరాల వైద్యులు మెదడు ముందుభాగపు శక్తిని కొలవడానికి ఇలాంటివే చిన్న చిన్న పరీక్షలు పెడతారు. వచ్చిన జవాబును ఆపుకోవడం, రెండు పనులు ఒకేసారి చేయడం. మనవారు దాన్ని వందలమంది ముందు వేడుకగా జరిపారు. పెదవులు కలిపి పలికే ప, బ, మ వంటి అక్షరాలు ఒక్కటీ రాకుండా రామకథనే కావ్యంగా వ్రాసిన మరింగంటి సింగరాచార్యులు తెలంగాణ కవే. పాలకుర్తి, బమ్మెర ఉన్న జిల్లావాడు అక్షరాల ఆటకు పరదేశం వెళ్ళవలసిన పని లేదని నేను పండితుల వారితో అంటే, “అవన్నీ పిల్లవాడికి ఎక్కడ తెలుస్తాయి సార్, వాడితో ఆడాలనే కదా ఇదంతా” అన్నారు.

ఆ మాటకు నా దగ్గర వెంటనే సమాధానం లేకపోయింది. వాదనంతా గెలిచి అక్కడ ఓడిపోయాను. ఆయనకు కావలసింది క్యూ మాటలు కాదు, డాలసులో ఉన్న మనవడు. ఒంటరితనం కూడా ఆ పద్నాలుగు కారణాలలో ఒకటని పైన వ్రాశాను. పిల్లవాడు అక్కడ స్పెల్లింగు పోటీలకు తయారవుతున్నాడట. 2012లో స్నిగ్ధ నందిపాటి, 2013లో అరవింద్ మహంకాళి, 2018లో కార్తీక్ నెమ్మాని, 2024లో బృహత్ సోమ గెలిచిన స్క్రిప్స్ పోటీ పేరు తెలుగువారిళ్ళలో తెలియనివారు తక్కువ. ఆ బాలబాలికలు గెలిచినది కేవలం జాబితాలు వల్లించి కాదు. మాట ఏ భాష నుండి వచ్చింది, దాని ధాతువు ఏమిటి అని తరచి అడిగే అలవాటు వారికి ఉంటుంది. మూలాలు తవ్వే పనిలో మన తెలుగు పండితుడికి ఏడో తరగతి మనవడి కంటే ఎక్కువే వచ్చు. ఫకీరు ఎక్కడిదో, పందికొక్కు బాండికూట్ ఎలా అయిందో తాతయ్య చెప్పవచ్చు.

అలా అని చెప్పి పంపాను. దానితో పాటు ఆయన భార్యకు వేరుగా కొన్ని గుర్తులు చెప్పాను. అవి పాఠకులకూ అవసరమే. మాట నాలుక చివర ఆగి కాసేపటికి గుర్తు వస్తే భయపడనక్కరలేదు. తెలిసిన దారిలో ఇల్లు తప్పడం, అడిగిన ప్రశ్ననే పది నిమిషాలకొకసారి అడగడం, డబ్బు లెక్క చూసుకోలేకపోవడం, పొయ్యి వెలిగించి మరచిపోవడం, మునుపు లేని కోపం, అనుమానం పుట్టడం కనబడితే ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవాలి. అప్పుడు కూడా థైరాయిడు, బి12 విటమిను, దిగులు, వేసుకుంటున్న మందులు ముందు చూడాలి. వీటి వలన వచ్చే మతిమరపు చాలావరకు తగ్గుతుంది. పరీక్ష చేసేవారు తెలియని భాషలో, తెలియని అక్షరంతో అడిగితే ‘తెలుగులో అడగండి’ అనడానికి సంకోచించవద్దు. డాక్టరుకు కోపం వస్తే రానివ్వండి.

ఈ ఉగాదికి పండితుల వారు ఫోను చేశారు. నోటుపుస్తకం రెండోవైపు నుండి మొదలుపెట్టారట. ఐదు అక్షరాల తెలుగు మాట ఒకటి తలచుకుని మనవడిని ఆరుసార్లలో కనిపెట్టమంటున్నారు. ఊరి పేర్లు చెల్లవన్న నియమాన్ని తామే తీసేసి మొదటి మాటగా తరిగొప్పుల పెట్టారట. మనవడు త, రి, గొ దాకా వచ్చి, ‘ప్పు’ ఒక అక్షరం ఎలా అవుతుంది, రెండు కదా అని పేచీ పెట్టాడట. ఇప్పటికి మూడు వారాలుగా అదే తగవు నడుస్తోందని, తీర్పు చెప్పమని నన్ను అడిగారు.